బలుసు ఏదో, కలివి ఏదో: నెల్లూరు కంపల్లో చెట్లు గుర్తుపట్టడం నేర్చుకునే పద్ధతి

"బతికుంటే బలుసాకు తినొచ్చు" అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చినప్పుడు అన్నాను, చీటీ డబ్బులు మునిగినప్పుడు అన్నాను. బలుసు అంటే చెట్టో తీగో మాత్రం నలభై రెండో ఏట దాకా తెలియదు. ఉదయగిరి దారిలో ఒక మిట్ట మీద మేకలు తోలుకొస్తున్న పెద్దాయన్ను ఆపి, "తాతా, ఈ చుట్టుపక్కల బలుసు ఏమన్నా ఉందా?" అని అడిగాను. ఆయన నన్ను పై నుంచి కింది దాకా చూసి, "నీ ప్యాంటు పట్టుకోనుండేది ఏందనుకున్నావు నాయనా?" అన్నాడు.

అప్పటి నుంచి ఆదివారాలు ఎక్కువగా ఆ మిట్టల మీదే గడిచాయి. మొదటి రెండు మూడేళ్ళు తప్పుడు పద్ధతిలో తిరిగి చాలా పోగొట్టుకున్నాను. మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వస్తే ఏ వరసలో నేర్చుకుంటానో అది రాస్తున్నాను. బోటనీ చదివి ఉండక్కర్లేదు. ఏడాది పాటు నెలకు రెండు ఉదయాలు కేటాయిస్తే అరవై చెట్లూ పొదలూ మీవి అవుతాయి.

1. ఒక కిలోమీటరు దారి చాలు

కొత్తలో అందరం ఒకే పని చేస్తాం. పెంచలకోనకో, గిద్దలూరు దాటి నల్లమలకో బండేసుకొని పోతాం. అక్కడ అడుగుకో చెట్టు. సాయంత్రానికి ఫోన్లో మూడొందల ఫోటోలు ఉంటాయి, బుర్రలో ఒక్క పేరూ ఉండదు.

అలా కాకుండా మీ ఊరికి దగ్గర్లో ఒక కిలోమీటరు దారి పట్టుకోండి. చెరువు కట్ట, డొంక, గుడి వెనక మిట్ట, ఏదైనా సరే. కొంత నీళ్ళ పక్కన, కొంత మెట్ట మీద ఉంటే రెండు రకాల చెట్లూ దొరుకుతాయి. మేకలు మేసే చోటైతే ఇంకా మేలు, అడగడానికి మనిషి దొరుకుతాడు. నా దారి ఒక చెరువు తూము దగ్గర మొదలై, కట్ట దిగి, రాళ్ళ మిట్ట ఎక్కి, పాడుబడ్డ బావి దగ్గర ఆగుతుంది. అందులో ఇరవై ఆరింటికి నంబర్లిచ్చాను. నంబర్లు చెట్ల మీద కాదు, నోట్‌బుక్‌లో గీసుకున్న దారి బొమ్మ మీద. చెట్టుకు మేకు కొట్టి రేకు తగిలించే పని దయచేసి చెయ్యొద్దు.

మీరు నిలబడిన నేల ఏదో కూడా పైనే రాయండి. మన తీరం వైపు ఇసుక, ఉప్పునేల. శ్రీహరికోట వైపు ఆకు పూర్తిగా రాల్చని అడవి. పాల, అల్లి, నేరేడు అక్కడ కలిసి పెరుగుతాయి. నేలపట్టులో గూడబాతులు గూళ్ళు కట్టే కడప చెట్లు నెలల తరబడి నీళ్ళలోనే నిలబడతాయి. పడమట వెలికొండల మీద ఎండాకాలం ఆకు రాల్చే చెట్లు, వాటి కింద మిట్టల్లో ముళ్ళ కంప. ఎక్కడున్నారో తెలిస్తే సగం అనుమానాలు ముందే కొట్టేయొచ్చు.

అనుమతి సంగతి. పెంచలకోన చుట్టూ ఉన్నది అభయారణ్యం, కొండల్లో చాలా భాగం రిజర్వు అడవి. 1972 నాటి వన్యప్రాణి చట్టం, 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం రెండూ అక్కడ నడుస్తాయి. లోపలికి పోవాలంటే అనుమతి అడగాలి, ఏదీ తుంచకూడదు. నేనొకసారి ఎర్రచందనం ఉన్న కొండ కింద, సంచిలో చిన్న కత్తి, టేపు, నైలాన్ తాడు పెట్టుకొని తిరుగుతూ గార్డు కంటబడ్డాను. రెండు గంటలు కూర్చోబెట్టి అడిగాడు. ఆయన తప్పేమీ లేదు. ఆ మూడు వస్తువులు చూస్తే నాకే నా మీద అనుమానం వచ్చేలా ఉంది. కత్తి ఇంట్లో పెట్టి పోండి.

2. సంచిలో ఏముండాలి

పదింతలు పెద్దగా చూపించే చిన్న భూతద్దం, పెన్సిలు, గట్టి అట్ట నోట్‌బుక్, పదిహేను సెంటీమీటర్ల స్కేలు, రెండు పాత దినపత్రికలు, నీళ్ళు. పెన్ను వద్దు, చెమటకు సిరా అలుక్కుపోతుంది. కాళ్ళకు బూట్లు, పొడుగు ప్యాంటు తప్పనిసరి. వానల తర్వాత కంపలో పాములు ఉంటాయి, చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపండి. ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ఇంటికి వచ్చేయండి. మన ఎండకు ఆ తర్వాత కళ్ళు పని చేస్తాయి గానీ బుర్ర చెయ్యదు.

భూతద్దాన్ని సినిమాల్లో డిటెక్టివ్‌లా ఆకు మీద పెట్టి దూరం నుంచి చూస్తే ఏమీ కనబడదు. అద్దాన్ని కంటికి ఆనించి, ఆకునే దగ్గరికి తెచ్చుకోవాలి. వెలుగు ఆకు మీద పడేలా తిరగండి. పది నిమిషాలు ఇంటి ముందు వేపాకుతో అలవాటు చేసుకోండి.

3. ఆకును కాదు, కణుపును చూడండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడ పెట్టాలి. పువ్వు ఏడాదికి నెలో రెండు నెలలో ఉంటుంది, కాయ ఇంకొన్నాళ్ళు. కణుపు ఎప్పుడూ ఉంటుంది.

ఒక రెమ్మను చేత్తో పట్టుకోండి, విరవొద్దు. మొదటి ప్రశ్న: ఒక్కో కణుపు దగ్గర ఆకులు ఎదురెదురుగా రెండేసి ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా? నేరేడు, జిల్లేడు ఎదురెదురు. రేగు, సీతాఫలం ఒకటి విడిచి ఒకటి. ఈ ఒక్క ప్రశ్నతో మిట్ట మీది చెట్లు రెండు గుంపులుగా విడిపోతాయి. కొమ్మ చివర ఆకులు గుత్తిగా ఉంటే మోసపోతాం. కొంచెం కిందికి, ఆకులు దూరదూరంగా ఉన్న చోట చూడండి.

రెండో ప్రశ్న: ఇది ఒకే ఆకా, చిట్టాకులతో కూడిన పెద్ద ఆకా? వేపలో మనం ఆకు అనుకొని తుంచేది చిట్టాకు. ఆ ఈనె మొత్తం కలిపితేనే ఒక ఆకు. తేల్చుకోవడానికి మొగ్గ వెతకాలి. ఆకు తొడిమ కొమ్మను తాకే మూలలో చిన్న మొగ్గ ఉంటుంది. చిట్టాకు మూలలో ఎప్పుడూ ఉండదు. చింతరెమ్మను, కొండ ఉసిరి రెమ్మను పక్కపక్కన పెట్టి చూడండి, దూరానికి రెండూ ఒకలాగే ఉంటాయి. చింతలో చిట్టాకుల మూలలు ఖాళీ. ఉసిరిలో ఆ సన్నటి ఆకుల మూలల్లోనే పూతా కాయా వస్తాయి. అంటే ఉసిరిది చిట్టాకుల ఆకు కాదు, బుల్లి ఆకులున్న పుల్ల. ఇది నాకు మూడో ఏడాదిలో తెలిసింది, అప్పటిదాకా నోట్‌బుక్‌లో ఉసిరిని తప్పు పేజీలో రాసుకున్నాను.

మూడో ప్రశ్న: కణుపు దగ్గర ఆకూ మొగ్గా కాకుండా ఇంకేముంది? ఎదురెదురు ఆకుల తొడిమలు రెండింటి మధ్య, కొమ్మకు అతుక్కొని బుల్లి త్రికోణపు పొర ఉందా? తంగేడులోలా తొడిమ మొదట్లో చెవుల్లాంటి పెద్ద రేకలు ఉన్నాయా? మర్రి, జువ్వి కొమ్మల మీదలా కణుపు కణుపుకీ ఉంగరం లాంటి మచ్చ ఉందా? మద్ది జాతి చెట్లలోలా ఆకు మొదట్లో రెండు బొడిపెలు ఉన్నాయా? ముల్లుంటే అది ఎక్కడ నుంచి వచ్చింది, ఒకటా జతా, నిటారుగా ఉందా వంకరా? రేగులో చాలాసార్లు జతలో ఒక ముల్లు నిటారు, ఒకటి కొక్కెం. గీరుకుపోయిన చేతిని చూసుకుంటే అర్థమవుతుంది ఎందుకు వదలదో.

అడవికి పోయే ముందు వారం పాటు వీధిలోనే ప్రాక్టీసు చేయండి: వేప, చింత, కానుగ, రేగు, నేరేడు, మర్రి, మారేడు, జిల్లేడు, సీతాఫలం, ఉసిరి. పదింటికీ ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. పేరు తెలిసిన చెట్టునే తెలియనట్టు చూడటం కొంచెం వెర్రిగా ఉంటుంది, కానీ చెయ్యి అక్కడే తిరుగుతుంది.

4. మొదటి పరీక్ష: ముళ్ళ పొదలు నాలుగు

మన మిట్టల మీద పనికొచ్చే పాఠం ఇది. ముళ్ళుండి, ఆకులు ఎదురెదురుగా ఉండే పొదలు నాలుగు పక్కపక్కనే పెరుగుతాయి: బలుసు, కలివి, మంగ, తెల్లుప్పి. దూరానికి నాలుగూ కంపే.

ఒక ఆకు అంచును గోటితో కొంచెం గిల్లండి. తెల్లటి పాలు వస్తే కలివి. దాని ముళ్ళు గట్టివి, కొన్ని చివర రెండుగా చీలి ఉంటాయి. తెల్లటి పూలకు మంచి వాసన, పండు నలుపు. వెలికొండకు అవతల, సిద్ధవటం వైపు, 1900 తర్వాత కనబడక అంతరించిందనుకున్న పక్షి 1986లో మళ్ళీ కనబడింది. అది తిరిగేది ఇలాంటి పొదల్లోనే కాబట్టి దాన్ని కలివికోడి అంటారు. ఆ పక్షిని చూసే అదృష్టం నాకు లేదు, ఈ పొదనైనా చూస్తున్నానని సరిపెట్టుకుంటాను.

పాలు రాకపోతే ముళ్ళు లెక్కపెట్టండి. ఒకే కణుపు చుట్టూ నాలుగు ముళ్ళు, ఆకు కొసన కూడా సూదిలాంటి మొన ఉంటే తెల్లుప్పి. తీరం వైపు ఉప్పునేలల్లో ఇది ఎక్కువ.

మిగిలిన రెండూ ఒకే కుటుంబం; తొడిమల మధ్య త్రికోణపు పొర రెంటికీ ఉంటుంది. ఇక్కడ కాయ కావాలి. మంగకాయ నెత్తిన చిన్న కిరీటం మిగిలి ఉంటుంది, కాయ గుండ్రంగా గట్టిగా ఉంటుంది. బలుసు పండు పసుపు, కొంచెం నొక్కినట్టు బల్లపరుపుగా ఉంటుంది, లోపల రెండు గింజలు. కాయ లేనప్పుడు బలుసును ఇలా పట్టుకుంటాను: కొమ్మ మీద నిటారు ముళ్ళు జతలుగా, ఆకుల కాస్త పైనుంచి పక్కలకు చాచి, కొమ్మ పొడుగునా వరస శిలువల్లా ఉంటాయి. ఆకులు చిన్నవి, పొట్టి రెమ్మల మీద గుంపులుగా కూర్చుంటాయి. పూత ఆకుపచ్చ పసుపు, ఒక్కో పువ్వుకు నాలుగు రేకలు, భూతద్దం లేకపోతే పూసిందని కూడా తెలియదు. లేత ఆకు నములుతే చేదు లేదు. నాకు కూర చేసి పెట్టిన ఇంట్లో కందిపప్పుతో కలిపి వండారు. సామెతలో అంత దిగదుడుపుగా ఎందుకు అన్నారో అర్థం కాలేదు.

నోట్లో పెట్టుకోవడం గురించి జాగ్రత్త. పక్కా తెలిసినదాన్ని, తినేవాళ్ళు పక్కన ఉన్నప్పుడే. గుర్తుపట్టడానికి రుచి చూడాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాదు.

5. నలపండి, గిల్లండి, వెలుగులో పెట్టండి

రాలిన ఆకునో, దారి పక్కన ధారాళంగా ఉన్నదాన్నో అరచేతిలో నలిపి వాసన చూడండి. వావిలి ఘాటు ఒకసారి ఎక్కితే మర్చిపోరు. ఒకే తొడిమకు మూడో ఐదో చిట్టాకులు వేళ్ళలా ఉంటాయి. వెలగాకుకు సోంపు లాంటి వాసన. బందారు ఆకు వేళ్ళకు జిగటగా అంటుతుంది, దాని కాయలకు కాగితపు రెక్కలుంటాయి.

వెలగాకును, మారేడాకును ఎండకు ఎదురుగా పట్టుకొని భూతద్దంతో చూడండి. సూదితో పొడిచినట్టు వెలుగు చుక్కలు కనబడతాయి. అవి నూనె గదులు. నిమ్మ, కరివేపాకు కుటుంబానికంతా ఇవి ఉంటాయి. మారేడుకు మూడు చిట్టాకులు, వెలగకు ఎక్కువగా ఐదూ ఏడూ, పైగా చిట్టాకుల మధ్య కాడకు సన్నటి రెక్కలు. నేరేడాకు పట్టుకుంటే అంచు వెంబడే ఒక సన్నటి ఈనె గీత గీసినట్టు తిరుగుతుంది.

పాలు కారే వాటి దగ్గర చేతులు శుభ్రంగా ఉంచుకోండి. జెముడు పాలు కంట్లో పడకూడదు. సముద్రపు పాయల వెంట మడ పొదల్లో పెరిగే తిల్ల పాలు ఇంకా ప్రమాదం. అక్కడ ఏదీ గిల్లొద్దు, ఆకులూ కాయలూ కంటితోనే చూడండి. కొండల్లో దూలగొండి కాయల నూగు, తపసి కాయల నూగు ఒంటికి తగిలితే ఆ రోజు ఇంకేం చూడలేరు.

6. బెరడు

తొడంత లావున్న మానునే చూడండి, లేత చెట్ల బెరడు అబద్ధాలు చెబుతుంది. నల్లమద్ది, ఎర్రచందనం రెండింటి బెరడూ మొసలి వీపులా నల్లగా, నిలువూ అడ్డమూ పగిలి పలకలుగా ఉంటుంది. తల పైకెత్తితే తేడా తెలుస్తుంది: మద్దిది పొడుగాటి ఒకే ఆకు, చందనానిది మూడేసి గుండ్రటి చిట్టాకులు. చందనం కాయ గుండ్రటి అప్పడం ముక్కలా, మధ్యలో ఉబ్బి చుట్టూ పల్చటి రెక్కతో ఉంటుంది. దాని అన్న లాంటి వేగిసకూ అలాంటి కాయే గానీ చిట్టాకులు ఐదు నుంచి ఏడు. ఎర్రచందనం కనబడితే ఫోటోకు లొకేషన్ ఆఫ్ చేసి తీయండి, ఎక్కడ చూశారో ఎవరికీ చెప్పొద్దు.

ఏరుమద్ది బెరడు తెల్లగా నున్నగా పొరలు రాలుస్తుంది, వాగు ఒడ్డునే ఉంటుంది. తపసి ఇంకా తెలుపు, కాగితంలా పొరలు లేస్తుంది. వెన్నెల్లో కొండ మీద ఒంటరిగా చూస్తే ధైర్యవంతుడు కూడా ఒక్క క్షణం ఆగుతాడు. తునికి బెరడు బొగ్గుముక్కలు పేర్చినట్టు ఉంటుంది.

7. అందరూ పొరబడేవి

తుమ్మలు. నల్లతుమ్మ: పసుపు బంతి పూలు, గింజకూ గింజకూ మధ్య నొక్కుకుపోయి పూసలదండలా ఉండే బూడిదరంగు కాయ. తెల్లతుమ్మ: పాలిపోయిన బెరడు, మీగడ రంగు బంతులు కొమ్మ చివర పెద్ద గుత్తులుగా. సండ్ర: కొక్కెం ముళ్ళు జతగా, పువ్వు బంతి కాదు కంకి, కాయ పల్చటి గోధుమరంగు బద్ద. సర్కారు తుమ్మ: దీనిదీ కంకే, కాయ మాత్రం లావుగా పసుపుగా తీపిగా ఉంటుంది, చిట్టాకులు ఎడంగా, కొమ్మ వంకర్లు పోతుంది. దీన్ని 1870ల చివర్లో కడప వైపు నాటారు, ఇప్పుడు మన చెరువుల్లో నీళ్ళకన్నా అదే ఎక్కువ. జమ్మికి కూడా కంకి పూతే గానీ దాని ముళ్ళు కణుపు దగ్గర జతగా రావు, కొమ్మ మీద ఎక్కడపడితే అక్కడ చెల్లాచెదురుగా ఉంటాయి. దసరా నాడు బజార్లో కొన్న జమ్మిని ఒకసారి ఇలా చూడండి. నేను చూసి, అది జమ్మి కాదని ఇంట్లో చెప్పి తిట్లు తిన్నాను.

ముష్టి, చిల్ల. రెండింటికీ ఆకులు ఎదురెదురు, రెండింటికీ ఆకు మొదట్నుంచే మూడో ఐదో ఈనెలు పైకి పోతాయి. ముష్టి ఆకు పెద్దది, నిగనిగలాడుతుంది. కాయ పండితే నారింజరంగు, లోపల బిళ్ళల్లాంటి చదును గింజలు, విషం. చిల్ల కాయ చిన్నది, పండితే నలుపు, లోపల గుండ్రటి గింజ. మన పెద్దవాళ్ళు బురదనీళ్ళు తేటపడటానికి కుండ లోపల రుద్దింది ఈ చిల్లగింజే. చిల్ల మాను బెరడు ముతకగా పగిలి ఉంటుంది, ముష్టిది నున్నన. కాయలు లేని కాలంలో ఒక నెల ఆగండి, పందెం వేసి చెప్పొద్దు.

పాలలు. పండ్లిచ్చే శ్రీహరికోట పాల వేరే చెట్టు, ఇక్కడ చెప్పేది దాని గురించి కాదు. కొడిశపాల, తెడ్లపాల రెండింటికీ పాలు, ఎదురెదురు ఆకులు, జంటగా వేలాడే పొడుగు కాయలు. తెడ్లపాల జంటకాయలు లేతగా ఉన్నప్పుడు కొసల దగ్గర కలిసి ఉంటాయి, కొడిశపాలవి విడివిడిగా వేలాడతాయి. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర ఈ తెడ్లపాలదే.

8. పేరు చివర రాయండి

నోట్‌బుక్‌లో పేరు గడి చివర పెట్టండి, మొదట కాదు. పేరు ముందే రాసేస్తే కళ్ళు చూడటం ఆపేస్తాయి. నాకు అలవాటయిన వరస: నంబరు, తేదీ, నేల, కణుపు, ఆకు, పాలు లేదా వాసన, బెరడు, పూత లేదా కాయ, ఆ తర్వాత ఊళ్ళో చెప్పిన పేరు, ఎవరు చెప్పారు, చివర శాస్త్రీయ నామం.

ఎవరు చెప్పారన్నది ముఖ్యం. ఒక్కొక్కరికి చెట్టులో ఒక్కో భాగం తెలుసు. కాపరికి ఆకు తెలుసు. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసేవాళ్ళు చెక్కను చేత్తో తూచి నర్ది, బిక్కి అని చెబుతారు. యానాది పెద్దలకు, నల్లమల వైపు చెంచులకు దుంపలు, పండ్లు, వాటి కాలాలు తెలుసు. ఇద్దరు, వేర్వేరు ఊళ్ళ వాళ్ళు, ఒకే పేరు చెబితే దాన్ని గట్టిగా రాసుకుంటాను. అడిగేటప్పుడు "ఇది బలుసే కదా?" అనొద్దు. మర్యాదకు ఔనంటారు. "దీన్నేమంటారు?" అనండి, ఆ తర్వాత నోరు మూసుకోండి.

తెలుగు పేర్లలో ఇరుకు చాలా ఉంది. కొండగోగు అంటే ఒకచోట ఎండాకాలం ఆకు లేకుండా పెద్ద పసుపు పూలు పూసే చెట్టు, ఇంకోచోట తపసి. కొడిశపాల మందుల్లో వాడే చెట్టు. ఒట్టి కొడిశ అంటే వేరే చెట్టు, ఆకు ప్రాణాంతకం. ఒక అక్షరం మింగితే ఎంత దూరం పోతామో చూడండి. అందుకే శాస్త్రీయ నామం కావాలి. అదేదో పరాయి భాష అని బెదరక్కర్లేదు. 1780లలో సామర్లకోటలో ఉంటూ మన తీరం మొక్కలు పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ చాలాచోట్ల ఊరివాళ్ళ పేర్లే తీసుకున్నాడు. మన సోమిద చెట్టు పేరు కూడా అలాగే, ఇతరుల చేతుల్లో, లాటిన్‌లో సొయ్మిడా అయింది.

9. ఫోటో, యాప్, నొక్కిపెట్టిన రెమ్మ

ఒక చెట్టుకు ఐదు ఫోటోలు: మొత్తం చెట్టు, ఛాతీ ఎత్తులో బెరడు, స్కేలు పక్కన పెట్టి ఆకు పైభాగం, ఆకు అడుగుభాగంతో పాటు కణుపు, పువ్వు లేదా కాయ పక్క నుంచి. మొదటి ఫోటో నోట్‌బుక్ నంబరుది తీస్తే తర్వాత కలగాపులగం కాదు. ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ లాంటి వెబ్‌సైట్లలో పెడితే తెలిసినవాళ్ళు సరిచేస్తారు. యాప్ వెంటనే చూపించే పేరును అనుమానంగానే తీసుకోండి. ఆకు ఒక్కటే చూపిస్తే అది మన ముష్టికీ చిల్లకీ తేడా చెప్పడానికి తడబడటం నేను చూశాను.

సొంత పొలం గట్టు మీదివైతే రెమ్మను దినపత్రికల మధ్య నొక్కిపెట్టండి. ఒక ఆకైనా అడుగుభాగం పైకి వచ్చేలా తిప్పాలి. మొదటి వారం రోజూ కాగితాలు మార్చాలి. నేను ఒక నవంబరులో వాయుగుండం పట్టిన నాలుగు రోజులు బద్ధకించాను. విప్పితే పద్నాలుగు రెమ్మలూ బూజు. వానల్లో ఫ్యాను కింద పెట్టి, కాగితాలను ఇస్త్రీ పెట్టెతో వేడి చేసి మార్చడమే దారి. పువ్వో కాయో ఉన్న రెమ్మ, పూర్తి వివరాల చీటీ ఉంటే తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనో, అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనో హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కలు దాచే చోటు) చూసేవాళ్ళను అడగొచ్చు. చీటీ లేని రెమ్మను ఎవరూ పట్టించుకోరు.

10. అదే దారి, వేరే నెల

మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి. కాబట్టి పుస్తకాల్లో జూలై అన్నది మనకు చాలాసార్లు అక్టోబరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కంప పచ్చబడుతుంది. కణుపులు, లేత ఆకులు, తీగలు అప్పుడే చూడాలి. ఫిబ్రవరి, మార్చిలో మోదుగ, కొండగోగు, ఊడుగు ఆకు లేకుండా లేదా లేత ఆకుతో పూస్తాయి, దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. ఏప్రిల్ బెరడు నెల. అప్పుడే తునికాకు కోతకు జనం కొండ దిగుతూ కనబడతారు, మాట కలపండి. మే, జూన్‌లో తునికి, పాల పండ్లు. ఒక్కో నెలా అదే ఇరవై ఆరు నంబర్ల దగ్గర ఆగి, మారింది ఒక్క ముక్క రాస్తే చాలు: "11, ఆకు పూర్తిగా రాలింది. కాయలు ఇంకా ఉన్నాయి."

11. పరీక్ష పెట్టుకోండి

ఏడాది గడిచాక నోట్‌బుక్ ఇంట్లో పెట్టి, ఏప్రిల్‌లో, ఆకు లేనప్పుడు అదే దారిలో నడవండి. నాకు ఆ పరీక్ష పెట్టింది మొదట్లో చెప్పిన మేకల తాతే. కర్రతో ఒక్కో మానును తడుతూ "ఇది?" అంటాడు. తొమ్మిది చెప్పాను. పదోది ముళ్ళు చూసి రేగన్నాను. ఆయన కింద నుంచి ఒక ఎండుకాయ ఏరి నా చేతిలో పెట్టి కొరకమన్నాడు. రాయిలా ఉంది. అది గొట్టి. పళ్ళున్నప్పుడు నేర్చుకున్నావు, మంచిదేలే అన్నాడు.

తర్వాత, "అంతా రాసుకున్నావు గదా, మేక యాది ముందు తింటాదో రాసినావా?" అని అడిగాడు. రాయలేదు. అన్ని గడులున్న నోట్‌బుక్‌లో ఆ గడి లేదు. ఆ రోజు గట్టు మీద కూర్చొని ఇరవై ఆరింటికీ అడిగి రాసుకున్నాను. 4, బందారు: ముట్టదు. 9, సర్కారు తుమ్మ: ఆకు వద్దు, కాయ కావాలి. 17, బలుసు: మంద మిట్ట ఎక్కగానే మొదట పోయేది అక్కడికే.